తుడిచేసిన తెల్లచుక్క

స్టాఫ్‌రూమ్‌లో ఆరో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కంటి క్యాన్సర్ వచ్చిన పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు మాది. అందులో ఎవరో పెట్టారు: "ఫోటో అన్న పొద్దుగాల పోయిండు. స్టూడియో షటర్ లేపుతుంటే గుండె ఆగిందంట." చదివాను. ఫోన్ బోర్లా పెట్టి మిగిలిన పేపర్లు దిద్దాను. ఎవడో భిన్నాలు కూడమంటే పైవి పైవీ, కిందవి కిందవీ కూడేశాడు. వాడికి అర్థమయ్యేలా పక్కన చేసి చూపించాను కూడా. పక్క కుర్చీలో సోషల్ మేడమ్ నా మొహం చూసి ఏమైందని అడిగింది. తెలిసినాయన చనిపోయారని చెప్పాను. "దగ్గరోళ్లా?" అంది. అంతలో బెల్లు కొట్టారు, క్లాసుకి పోయాను.

ఇంటికొచ్చి, ఆయన పోయాడనీ ఆదివారం దినకర్మనీ మా అమ్మాయికి చెబితే అది మాత్రం ఏడ్చింది. దాని ఎడమ కన్ను పెట్టుడు కన్ను. రెండేళ్ళు నిండకముందే అసలుది తీసేశారు. అయినా ఏడుపొస్తే రెండు వైపులా నీళ్ళు కారతాయి. తెలియనివాళ్ళు అది చూసి వింతపడుతుంటారు. మొహం కడుక్కొచ్చి, "ఆదివారం తాత దినానికి నేను గూడ వస్తా," అంది. నీకు హోంవర్క్ ఉంటుందేమో అన్నాను. శనివారమే చేసుకుంటానంది. బియ్యం కడగడానికి లేచాను.

దాన్ని ఎలా తీసుకెళ్ళేది? ఆయన ఇంటికి వచ్చే చుట్టాలకి, గ్రూపులో అమ్మానాన్నలకి, స్టూడియో చుట్టుపక్కల షాపులవాళ్ళకి, అందరికీ తెలుసు. తెలియనిది మా అమ్మాయి ఒక్కదానికే. దానికి పన్నెండేళ్ళు. తను "తాత" అని పిలుచుకునే మనిషి తన ఎడమ కంటికి ఏం చేశాడో దానికి తెలియదు. నేనే చెప్పలేదు. ఆదివారం అక్కడ ఎవరో ఒకరు "గీ పిల్లదేనా గా ఫోటో?" అని అననే అంటారు. అది వేరేవాళ్ళ నోట వినకూడదు. నేను చెబితే ఏమవుతుందో కూడా తెలియదు. ఆయన మీద అసహ్యం పుట్టొచ్చు. ఇన్నేళ్ళూ దాచినందుకు నామీద పుట్టొచ్చు.

మేడ్చల్ బస్ డిపో దాటాక, టైర్ల షాపుకీ టిఫిన్ సెంటర్‌కీ నడుమ ఒకే ఒక షటర్ ఆయన స్టూడియో. పొట్టి మనిషి. జేబులున్న కోటు చలికాలం ఎండాకాలం ఒకటే వేసుకునేవాడు. ఆ జేబుల్లో బ్యాటరీల కంటే సోంపే ఎక్కువుండేది. చంటిపిల్లల చూపు తిప్పడానికి అందరూ చిటికెలు వేస్తారు, గిలక్కాయ ఊపుతారు. ఆయన నోటితో కుక్కర్ విజిల్ వేసేవాడు. అచ్చం కుక్కరే. పిల్లల సంగతేమో గాని, ఫంక్షన్‌లో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి వంటింటి వైపు చూసేవాళ్ళు. అది చూసి ఆయన లోపల్లోపల నవ్వుకునేవాడు.

ఎవరి పేరూ గుర్తుండేది కాదు ఆయనకి. ఫోటోలో ఎక్కడ నిలబడ్డారో అదే పేరు. "ఓ ఎడమపక్క బాపూ, జర ముందలికి రా," "వెనక వదినె, నీ మొఖం కనిపిస్తలేదు." మా పెళ్ళికి ఆయనే ఫోటోగ్రాఫర్. ఆ తర్వాత మా ఆయన రోడ్డు మీద కనబడ్డా "కుడిపక్క సార్, బాగున్నరా" అనే పలకరించేవాడు. మనుషుల్ని ఎక్కడ చూసినా సరే, గడ్డం కింద ఒక వేలు పెట్టి మొహాన్ని వెలుగు వైపు తిప్పేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే తిప్పేవాడు. చాలామందికి అది నచ్చేది కాదు, తలెగరేసి వేలు విదిలించుకునేవాళ్ళు. ఆయన పట్టించుకున్నట్టు ఎప్పుడూ కనబడలేదు.

ఆల్బమ్ పనిలో చెయ్యి తిరిగినవాడని పేరు. మా వైపు ఆల్బమ్ అంటే ఉన్నది ఉన్నట్టు చూపేది కాదు. "మా పిల్లని జర తెల్లగ జెయ్యన్నా" అంటే తెల్లగా చేసేవాడు. మొటిమలు తీసేవాడు. మూసిన కళ్ళు తెరిపించేవాడు. పెళ్ళికి ముందే పోయిన తాతని పాత ఫోటోలోంచి తెచ్చి కుటుంబంతో పాటు సోఫాలో కూర్చోబెట్టేవాడు. దాన్ని మోసం అని ఎవరూ అనలేదు. పనితనం అన్నారు. నేనూ అన్నాను. మా పెళ్ళి ఆల్బమ్‌లో నా మెడ మీద మచ్చ లేదు.

మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకీ ఆయన్నే పిలిచాం. అప్పటికే నాకొక అనుమానం ఉండేది. సాయంత్రాలు దానికి అన్నం తినిపిస్తుంటే, తల ఒక పక్కకి తిప్పినప్పుడు ఎడమ కనుపాపలో తెల్లగా ఏదో తళుక్కుమనేది. మా అత్త చూసి, "పిల్లి కన్ను బిడ్డా, అదృష్టం," అంది. మా ఆయన ట్యూబులైటు వెలుగన్నాడు. అప్పటి మా ఫోన్లకి ఫ్లాష్ లేదు. ఫోటోలొచ్చాక చూద్దాంలే అనుకున్నాను.

ఆల్బమ్ వచ్చింది. మిగతావాళ్ళు చీరలు, కేకు, ఎవరు ఎంత లావయ్యారో చూసుకున్నారు. నేను ప్రతి పేజీలో దాని కళ్ళే చూశాను. రెండూ నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నా అనుమానాన్ని ఆ ఆల్బమ్‌లోనే పెట్టి మూసేశాను.

ఆర్నెల్లు దాటాక కన్ను ఎర్రబడి, మెల్ల వచ్చి, పొంగింది. సిటీలో పెద్ద కంటి దవాఖానాకి పోయాం. కంటి లోపలి పొరలో పుట్టే క్యాన్సరన్నారు. రెటినోబ్లాస్టోమా అంటారట, చిన్నపిల్లలకి వస్తుందట, చాలా అరుదట. ఆ డాక్టరమ్మ నన్ను అడిగింది, ఫ్లాష్ పెట్టి తీసిన ఫోటోల్లో ఎప్పుడైనా ఆ కన్ను తెల్లగా కనబడిందా అని. లేదు మేడమ్ అన్నాను. బర్త్‌డే ఆల్బమ్ మొత్తం వెతికి చూశాను మేడమ్, ఎక్కడా లేదు అని గట్టిగా చెప్పాను. ఆ వారంలోనే కన్ను తీసేశారు. ప్రాణం దక్కింది.

ఏడాది గడిచాక ఒకరోజు మా స్కూలు అటెండరమ్మ నాతో అంది, "మేడమ్, నాగారంల మా చెల్లె బిడ్డను ఉయ్యాలల ఏసె తొట్టెల ఫంక్షన్‌కు ఒక ఫోటోలాయన వచ్చిండు. పిలవకుంటనే వచ్చిండు. మీ పాప ఫోటోలు రెండు పట్టుకొచ్చి అందరికి సూపెట్టిండు." రెండేమిటన్నాను. "ఒకదాంట్ల కన్ను తెల్లగున్నది, ఒకదాంట్ల నల్లగున్నది," అంది.

మా స్కూలున్న షామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా బస్సులో నిలబడే పోయాను. సీట్లున్నాయి. స్టూడియోలో ఆయన ఎవరికో పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తున్నాడు. నన్ను చూసి కత్తెర కింద పెట్టాడు. ఎందుకొచ్చానని అడగలేదు. కంప్యూటర్ తిప్పి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాడు. గులాబీ గౌను, నెత్తిన కాగితం టోపీ, నోటి చుట్టూ కేకు. ఒకదాంట్లో ఎడమ కనుపాప ఉండాల్సిన చోట తెల్లటి చుక్క.

"ఫ్లాష్ ఎక్కువ వడ్డదనుకున్న మేడమ్," అన్నాడు. "చిన్న పిల్లది, కన్ను గట్లుంటె ఆల్బమ్ ఖరాబైతదని కుడికన్ను కాపీ కొట్టి, తిప్పి ఎడమ దిక్కు పెట్టిన. మంచిగ కుదిరిందని ఖుషీ గూడ అయిన. మీ పాపకు కన్ను తీసిండ్రని తెలిసినంక పాత ఫోటోలు తెరిసి సూసిన. కెమెరా జూసింది. నేనే తుడిసిన."

అప్పుడు గమనించాను. ఫ్లాష్ వెలుగు చుక్క ఎవరికైనా రెండు కళ్ళలోనూ ఒకే పక్కన పడుతుంది. ఆల్బమ్‌లో మా పాపకి రెండు చుక్కలూ ముక్కు వైపే ఉన్నాయి. అన్నిసార్లు చూశాను, ఇది నాకు కనబడలేదు.

"ముందే తెలిస్తే కన్ను దక్కేదా?" అని ఆయన నన్నే అడిగాడు. అదే ప్రశ్న తర్వాత నేను డాక్టరమ్మని అడిగాను. దక్కేదేమో, దక్కకపోయేదేమో, ఇప్పుడు చెప్పలేమంది. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు ఉన్నాను. దాన్ని కోపంగా మార్చుకోవడమూ చేతకాలేదు, ఓదార్పుగా మార్చుకోవడమూ చేతకాలేదు.

ఆ రోజు మాత్రం తీసేయమన్నాను. ఆ తెల్లకన్ను ఫోటో ఉండొద్దన్నాను. ఆయన వాదించలేదు. మౌస్ నావైపు జరిపాడు. "మీరే నొక్కున్రి మేడమ్. ఒకసారి తుడిసిన, ఇంకోసారి నాతోటి గాదు." మౌస్ మీద చెయ్యి పెట్టాను. నొక్కలేకపోయాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. "ఎవ్వరికీ చూపించొద్దు," అని మాత్రం చెప్పి లేచాను. మెయిల్‌లో ఆ రెండు ఫోటోలూ నాకు పంపమన్నాను. అదెందుకు అడిగానో కూడా తెలియదు.

మాట నిలబెట్టుకున్నాడు. ఫోటో ఎక్కడా చూపించలేదట. కానీ తొట్టెల ఫంక్షన్లకి పోవడం మానలేదు. గాజులరామారం నుంచి నాగారం దాకా ఎక్కడ చంటిపిల్ల ఉందంటే అక్కడికి పోయేవాడు. కుక్కర్ విజిల్ వేసి, ఫ్లాష్ పెట్టి ఫోటో తీసి, తెర మీద కళ్ళు పెద్దవి చేసి చూసుకునేవాడు. తెల్లచుక్క లేకుండా రెండూ ఒకేలా వస్తే చాలు, సోంపు నోట్లో వేసుకుని వెళ్ళిపోయేవాడు. చంటిపిల్లకి ఫ్లాష్ కొడితే దిష్టి అని కొందరు తరిమేవాళ్ళు. కన్ను గిట్ల తెల్లగుంటే దవాఖానాకు పొండ్రి అని మాటలతో చెబితే, మంచిరోజు పూట అపశకునం మాట్లాడుతున్నాడని తిట్టేవాళ్ళు. ఇవన్నీ అటెండరమ్మ చెబుతుంటే వినేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన మా స్కూలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కెమెరా. లోపలికి రాలేదు. నేనే వెళ్ళాను.

"ఈడ షామీర్‌పేటలనే ఒక ఇల్లున్నది మేడమ్. భూములు, వెంచర్లు ఉన్నోళ్ళు. వాళ్ళ మనవరాలికి కుడికన్ను గట్లనే వచ్చింది. చెప్తె బయటికి పంపిండ్రు. వాళ్ళకు నమ్మకం కుదరాలంటె ఆ రెండు ఫోటోలు సూడాలె. మీరు వద్దంటె సూపెట్ట." నేలకేసి చూస్తూ అన్నాడు. "గా పిల్లకు ఇంకా టైమున్నట్టున్నది."

నేను హెడ్‌మాస్టర్‌కి చెప్పి ఆటో ఎక్కాను. ఆయన స్కూటర్ మీద ముందు పోతుంటే వెనకాలే పోయాను.

ఆ ఇంటి ముందు రెండు పెద్ద కార్లు, వరండాలో ఊయల బల్ల. పెద్దాయన మమ్మల్ని చూస్తూనే, "మల్లొచ్చినవేంది? ఫోటోలు తీసెటోనివి డాక్టర్‌వి ఎప్పుడైనవ్?" అన్నాడు. లోపలినుంచి అవ్వ వచ్చి, తమ పుట్టింట్లో పిల్లి కళ్ళవాళ్ళు మస్తు మంది ఉన్నారని, అందరూ మంచిగనే బతికారని చెప్పింది. నా ఫోన్‌లో ఆ రెండు ఫోటోలు తీసి బల్ల మీద పెట్టాను. "ఇది నా బిడ్డ," అన్నాను. "ఈ కన్ను ఇప్పుడు లేదు."

"కెమెరా జూసింది, నేనే తుడిసిన," అన్నాడాయన పక్కనుంచి. "నా అసొంటోడు ఇంకోడు మీ ఇంట్ల పిల్ల కన్ను గూడ తుడుస్తడు. మీకు తెల్వను గూడ తెల్వది." పెద్దాయన ఇంకేదో అనబోతుంటే కోడలు ముందుకొచ్చింది. బాలింత, చెవులకి గుడ్డ కట్టుకుని ఉంది. ఫోన్ తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది. పెద్దాయన వైపు గానీ అవ్వ వైపు గానీ చూడకుండా లోపలికి పోయి, పిల్లనీ ఒక సంచినీ తీసుకొచ్చి, "దవాఖాన ఎక్కడున్నదన్నా?" అని ఆయన్ని అడిగింది.

ఆ పిల్లకి రెండు కళ్ళూ ఉన్నాయి. మందులు ఎక్కించి, లేజర్ పెట్టి కాపాడారు. ఇప్పుడు మా స్కూలు ముందునుంచే ప్రైవేటు బడి బస్సులో పోతుంది. కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతుంది. దాని కళ్ళు చూసినప్పుడల్లా సంతోషం రావాలి. కొన్నిసార్లు వస్తుంది. కొన్నిసార్లు ఈర్ష్య వస్తుంది, పసిపిల్ల మీద ఈర్ష్య. ఎక్కువసార్లు ఏమీ రాదు, చెయ్యి మాత్రం తిరిగి ఊపుతాను.

ఆ తర్వాత ఫోటోలు చూపించుకోమని ఆయనకి చెప్పాను, మా అమ్మాయికి తెలియనివ్వొద్దన్న షరతుతో. మెల్లగా గ్రూపు తయారైంది. కొత్తగా ఎవరి పిల్లకైనా ఈ జబ్బని తేలితే ఆయన వాళ్ళతో పాటు సిటీకి పోయేవాడు. అక్కడ కూడా అలవాటు పోలేదు, వరండాలో ఏడుస్తున్న తల్లుల్ని కిటికీ దగ్గరికి జరిపి వెలుగులో కూర్చోబెట్టేవాడు. తండ్రుల్ని తీసుకుపోయి టీ తాగించేవాడు. కన్ను తీసేస్తారనగానే చాలామంది తండ్రులు పిల్లని తీసుకుని ఊరికి పారిపోదామనుకుంటారు, ముఖ్యంగా ఆడపిల్లయితే. "కన్ను లేని బిడ్డ ఇంట్ల తిరుగుతది. బిడ్డనే లేని ఇంట్ల మీరేం జేస్తరు?" అని అడిగేవాడు. ఇంత మొరటుగా అనొద్దని నేను ఎన్నోసార్లు చెప్పాను. వినలేదు. పారిపోయినవాళ్ళు మాత్రం తక్కువ.

ఒక్క ఇంటికి ఆలస్యంగా చేరాడు. కూలి పని చేసుకునే జంట, జీడిమెట్లలో గది అద్దెకుండేవాళ్ళు. వాళ్ళ బాబు దక్కలేదు. ఆ రోజు స్టూడియో బెంచీ మీద నా పక్కన కూర్చుని సోంపు నములుతూనే ఉన్నాడు. మా ఇద్దరికీ అలా కూర్చోవడం బాగా అలవాటైపోయింది.

మా అమ్మాయికి ఆయనంటే ప్రాణం. స్కూలు ఐడీ కార్డు ఫోటో ఏటా ఆయన దగ్గరే. పెట్టుడు కన్ను ఉన్న పిల్లల ఫోటోలు ఆయన ఒక్క చుక్క కూడా దిద్దేవాడు కాదు. ఒకసారి అది తెర మీద చూసుకుని, "తాతా, ఎడమది వేరే దిక్కు సూస్తున్నట్టు కనిపిస్తుంది. జర సరిజెయ్యవా?" అంది. ఆయన చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. "ఉండనీ బిడ్డా. నీ మొఖం అదే. నేను ముట్ట," అన్నాడు. అది మూతి ముడుచుకుంది. ఆయన నావైపు చూశాడు. నేను గోడకున్న క్యాలెండర్ చూశాను.

క్షమించమని ఆయన ఎన్నడూ అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో నాకు తెలియదు. క్షమించావా అని మా చెల్లెలు ఒకసారి అడిగింది. ఆయన మా ఇంటికొస్తే టీ పెట్టేదాన్ని, పండక్కి చేసినవేవైనా డబ్బాలో పెట్టి ఇచ్చేదాన్ని. అది క్షమించడమో కాదో నాకు తెలియదన్నాను. పోయాడన్న మెసేజ్ చదివినప్పుడూ అంతే. లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు. ఆయన కోసం నాకు ఏడుపు రాకపోవడానికే కాస్త భయమేసింది.

శనివారం సాయంత్రం దాకా చెప్పలేకపోయాను. మా ఆయన, "నేను చెప్పనా?" అన్నాడు. వద్దన్నాను. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే అది వచ్చి నా ఎదురుగా కూర్చుని తనూ తీయడం మొదలుపెట్టింది. మొత్తం చెప్పాను. ఆల్బమ్ సంగతి, తుడిచేసిన సంగతి, నేను చూసి నమ్మిన సంగతి, స్టూడియోలో నొక్కలేకపోయిన సంగతి. తాత అన్నన్ని ఇళ్ళకి ఎందుకు తిరిగేవాడో అది కూడా చెప్పాను. నా గొంతు క్లాసులో పాఠం చెబుతున్నట్టే ఉంది. మధ్యలో అది ఈనెలు తీయడం ఆపేసింది.

"చూపించు," అంది.

ఫోన్ ఇచ్చాను. ముందు ఆల్బమ్ ఫోటో చూసింది. రెండు వేళ్ళతో పెద్దది చేసి, నల్లటి ఎడమ కన్ను మీద వేలు పెట్టి, "ఇది ఎవరిది?" అంది.

"నీదే. నీ కుడికన్నే తిప్పి పెట్టాడు."

"అంటే ఈడ నా ఎడమ కన్ను లేదు."

లేదన్నాను. పక్కకి జరిపి రెండోది చూసింది. టోపీ, కేకు, తెల్లటి చుక్క. దాన్ని కూడా పెద్దది చేసింది. ఇక అడుగుతుంది, ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతుంది, తాత మంచోడా చెడ్డోడా అని అడుగుతుంది అని నేను గిన్నె అంచు పట్టుకుని కూర్చున్నాను. అది ఫోన్‌ని మొహానికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. ఆ తెల్లచుక్కని చాలాసేపు అలాగే చూసింది.

"ఇది నాకు పంపమ్మా," అంది. "ఆ కన్ను నాకు యాదికే లేదు."

పంపాను.